తాటిముంజలు, బోరు నీళ్లు, త్రిత్వం

(దేవరకొండ దగ్గర ఒక ఊరి చర్చిలో, సాయంత్రం యువకుల కూటంలో మాట్లాడిన మాటలకు రాతప్రతి)

అందరికీ వందనాలు. మైకు వినబడుతోందా? వెనక చింతచెట్టు కింద కూర్చున్నవాళ్లకు? సరే. పాస్టర్ అయ్యగారు నాకు నలభై నిమిషాలు ఇచ్చారు, అందులో ఏడు నిమిషాలు కరెంటు తినేసింది, కాబట్టి సూటిగా విషయంలోకి వచ్చేస్తాను. నేను పాస్టర్‌ని కాదు, బైబిలు కాలేజీ గడప తొక్కలేదు, ముప్పై ఏళ్లు సర్కారు బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా దేవుడు ఒక్కడే అనే ఈ త్రిత్వం గురించి సైన్సు సారు ఏం చెప్తాడో చూద్దామని ఆ మూల కొందరు నవ్వుకుంటున్నారు, నా పాత స్టూడెంట్లే, గుర్తుపట్టాను. (నవ్వులు)

మా ఊరు మర్రిగూడ వైపు. చిన్నప్పుడు సండే స్కూల్లో మా టీచరమ్మ ఒక ఎండాకాలం తాటికాయ తెప్పించింది. గౌడ్ మామ కత్తితో పైన చెక్కితే మూడు కండ్లు బయటపడ్డాయి, వేలు పెట్టి తోడితే మూడు ముంజలు. "కాయ ఒక్కటే, ముంజలు మూడు. దేవుడు గూడ గంతే బిడ్డా" అంది. ఆ తర్వాత ముంజలు మేమే తినేశాం. త్రిత్వం అంత తియ్యగా, అంత తేలిగ్గా మళ్లీ ఎప్పుడూ అర్థం కాలేదు నాకు.

ఎందుకంటే ఇంటికొచ్చాక మా అన్న ఒక మాట అడిగాడు. "అరే, ఒక ముంజ నువ్వు తిన్నవు కదా, మిగిలిన కాయల దేవుడు ఎంత మిగిలిండు?" నేను జవాబు చెప్పలేదు. ఒక ముంజ కాయలో మూడో వంతు. కానీ కుమారుడు దేవుడిలో మూడో వంతు అని ఏ చర్చీ ఎప్పుడూ చెప్పలేదు. తండ్రి పూర్తిగా దేవుడు, కుమారుడు పూర్తిగా దేవుడు, పరిశుద్ధాత్మ పూర్తిగా దేవుడు, అయినా దేవుడు ఒక్కడే. ముంజల లెక్క ఇక్కడ నిలబడదు. కోడిగుడ్డు ఉదాహరణ చెప్తారు కదా, పెంకు, తెల్లసొన, పచ్చసొన అని, దానిదీ ఇదే జబ్బు.

ఇంకోటి సైన్సు సార్లకు ఇష్టమైన ఉదాహరణ, నేనే ఒకప్పుడు చెప్పినది: నీళ్లు, మంచు, ఆవిరి. పదార్థం ఒకటే, రూపాలు మూడు. బాగుంది. కానీ మంచుగడ్డ కరిగితేనే కదా నీళ్లయ్యేది, నీళ్లు కాగితేనో ఆరితేనో కదా ఆవిరయ్యేది. ఒక రూపం వదిలితే గానీ ఇంకో రూపం రాదు. (మూడూ ఒకేసారి ఉండే స్థితి ఒకటుంది, 0.01 డిగ్రీల దగ్గర, చాలా తక్కువ పీడనంలో, సైన్సు పిల్లలు చెయ్యెత్తక ముందే నేనే చెప్పేస్తున్నా. అక్కడ కూడా కొంత మంచు, కొంత నీరు, కొంత ఆవిరి, అంటే మళ్లీ ముంజలే.) ఇప్పుడు యేసయ్య బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది దగ్గరికి పోదాం. కుమారుడు నీళ్లలో నిలబడి ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగుతున్నాడు, పైనుంచి తండ్రి మాట వినబడుతోంది. ముగ్గురూ ఒకేసారి. మన ఊళ్లకు పగటి వేషాలవాళ్లు వచ్చేవాళ్లు కదా, పొద్దున శివుడి వేషం కట్టినవాడే మాపటికి కోమటి వేషంలో నవ్వించేవాడు. దేవుడు కూడా అలా ఒకప్పుడు తండ్రి వేషం, ఒకప్పుడు కుమారుడి వేషం వేసుకున్నాడని మూడో శతాబ్దంలోనే సబెల్లియస్ అనే ఆయన పేరు మీద ఒక బోధ నడిచింది, సంఘం అప్పుడే దాన్ని కాదంది. కాదనకపోతే ఏమయ్యేది? సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసయ్య చెమట రక్తపు బిందువుల్లా కారుతుంటే "తండ్రీ" అని ఎవరిని పిలిచినట్టు? అద్దంలో చూసుకొని మాట్లాడుకున్నట్టా? అది నాటకం అయిపోతుంది, ఆ నాటకంలో మనం ఏడవడం ఎందుకు?

సరే, ఉదాహరణలు అన్నీ పోయాయి, మరి ఈ త్రిత్వం అనే చిక్కు ఎవరు తెచ్చి పెట్టారు? బైబిల్లో ఆ మాటే లేదు కదా అని చాలామంది అడుగుతారు. లేదు, నిజమే. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర నా స్కూటర్ బాగుచేసే దోస్తు ఒకాయన ఉన్నాడు, ఐదు పూటల నమాజు తప్పడు, నాకంటే భక్తిపరుడు. ఒకరోజు ప్లగ్గు తుడుస్తూ అడిగాడు: "సార్, మేమూ దేవుడు ఒక్కడే అంటం, మీరూ ఒక్కడే అంటరు. మళ్ల మీ లెక్కల మూడు ఏడికెళ్లి వచ్చింది?" ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నేను రెండు కప్పుల చాయ్ అయ్యేదాకా చెప్పాను, ఆయనకు నచ్చలేదు, అయినా విన్నాడు. ఆయనకు చెప్పిందే మీకూ చెప్తున్నా.

ఇది లెక్కల పుస్తకంలోంచి పుట్టింది కాదు. మొదటి శిష్యులందరూ యూదులు. "ఇశ్రాయేలూ వినుము. మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అని రోజుకు రెండు పూటలా చెప్పుకునే జనం. ప్రపంచంలో ఎవరైనా ఇంకొకరిని దేవుడని పిలుస్తారేమో గానీ వీళ్లు మాత్రం పిలవరు, ప్రాణం పోయినా పిలవరు. అలాంటి యూదుడే తోమా అనే శిష్యుడు, సిలువ గాయాలున్న యేసు అనే మనిషి ముందు నిలబడి "నా ప్రభువా, నా దేవా" అన్నాడు. అలాంటి యూదులు యేసు పేరున ప్రార్థన చేశారు, ఆత్మ తమలో ఉన్నాడన్నారు, అయినా దేవుడు ఒక్కడే అన్న మాట వదల్లేదు. మత్తయి సువార్త చివర్లో చూడండి, "తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి" అని ఉంది, ముగ్గురి పేర్లు చెప్పి నామములలోనికి అనలేదు, నామములోనికి అన్నాడు. ముందు వాళ్ల బతుకులో జరిగింది, దాన్ని సంఘమంతా కలిసి ఒక మాటగా తేల్చి చెప్పడానికి మూడొందల ఏళ్లు పట్టింది. మీరు కూడా ప్రతి ఆదివారం చివర "యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును" అని అయ్యగారు చెయ్యెత్తుతుంటే వింటారు, అది త్రిత్వమే, కాకపోతే ఆ టైముకు సగం మంది చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. (నవ్వులు)

దోస్తుకు ఇంకో మాట కూడా చెప్పాను. "ఏమిటి" అని అడిగితే ఒక్కటే జవాబు, దేవుడు. "ఎవరు" అని అడిగితే ముగ్గురు, తండ్రి, కుమారుడు, ఆత్మ. ఒకే ప్రశ్నకు ఒకటీ మూడూ అని రెండు జవాబులు చెప్తే అది తప్పు లెక్క. ఇవి రెండు వేరు ప్రశ్నలు.

ఇప్పుడు గొడవ ఎక్కడ ముదిరిందో చెప్తాను, ఇది చరిత్ర, కాస్త కుదురుగా వినండి. ఈజిప్టులో అలెగ్జాండ్రియా అనే రేవు పట్నం. అక్కడ ఏరియస్ అనే సంఘ పెద్ద, మంచి ప్రసంగీకుడు, తన బోధను పాటలుగా కట్టి జనంలోకి వదిలాడు, ఓడల్లో పనిచేసేవాళ్లు కూడా పాడుకునేవారట. ఆ బోధ సారాంశం ఒక్క ముక్క: కుమారుడు లేని ఒకప్పుడు అనేది ఉండింది. అంటే దేవుడు మొట్టమొదట చేసిన గొప్ప సృష్టి కుమారుడు, అతని ద్వారా మిగతావన్నీ చేశాడు. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి. దేవుణ్ణి ఎక్కడో ఎత్తులో పెట్టాడు, ఈ దుమ్మూ ధూళీ ఆయన ముట్టుకోడు, ముట్టుకునే పని కుమారుడికి అప్పజెప్పాడు.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు, ఒక ఆఫీసు వరండాలో అర్థమైంది. ఏ ఆఫీసో వద్దు. మా అన్నకు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల కాళ్లు వంకరపోయాయి, నడుము వంగిపోయింది, మెడ తిప్పలేడు. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం, పెన్షన్ కోసం ఆయన్ను ఆటోలో ఎక్కించుకొని ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. పెద్దసారు ఒక్కసారి కూడా బయటికి రాలేదు. ప్రతిసారీ అటెండరే వచ్చి "రేపు రా అన్నడు సారు" అనేవాడు. అటెండరు చెడ్డవాడు కాదు పాపం, అన్నకు కుర్చీ కూడా వేసేవాడు. కానీ లోపల సారు మనసులో ఏముందో అటెండరుకు తెలియదు, ఆయన ఇచ్చే మాటకు విలువ లేదు. ఆ వరండాలో కూర్చొని అనుకున్నాను, ఏరియస్ చెప్పిన దేవుడు వీడే, ఎప్పటికీ బయటికి రాని సారు. మన దగ్గరికి ఎంత మంచివాణ్ణి పంపినా వచ్చినవాడు సారు కాదు, అటెండరే. అప్పుడు సిలువ మీద ప్రాణం పెట్టింది కూడా దేవుడు కాదు, దేవుడు పంపిన ఒక మంచి పనివాడు. అది నాకు చాలదు, మా అన్నకు అసలే చాలదు.

325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషప్పులందరినీ నైసియాకు పిలిచాడు, ఇప్పటి తుర్కియేలో ఇజ్నిక్ అనే ఊరు అది, ఒక సరస్సు ఒడ్డున ఉంటుంది. 2025కి సరిగ్గా 1700 ఏళ్లు నిండాయి. అక్కడికి వచ్చినవాళ్లలో కొందరు అంతకుముందు హింసల్లో దెబ్బతిన్నవాళ్లు, ఒకాయనకు కన్ను పీకేశారు, మోకాలి వెనక నరాలు తెంపేశారు, ఇంకొకాయన చేతులు కాల్చేశారు అని పాత చరిత్రకారులు రాశారు. నేనెప్పుడూ ఆ సభను అలాగే ఊహించుకుంటాను, పట్టు బట్టలు వేసుకున్న రాజు ముందు కుంటుకుంటూ వస్తున్న పెద్దమనుషులు. వాళ్లు తేల్చిన మాట: కుమారుడు తండ్రితో ఒకే సారం గలవాడు, చేయబడినవాడు కాదు, కనబడినవాడు.

ఈ "కనబడినవాడు" దగ్గర చిన్నప్పుడు నేను బోల్తాపడ్డాను. కంటికి కనబడినవాడు అనుకున్నాను! మన తెలుగులో కనడం అంటే చూడడమూ అదే, బిడ్డను కనడమూ అదే. ఇక్కడ రెండోది. కుమ్మరి కుండను చేస్తాడు, ఎంత గొప్పగా చేసినా కుండ కుండే, కుమ్మరి కాదు. అదే కుమ్మరి బిడ్డను కంటే ఆ బిడ్డ మనిషే అవుతాడు. చేసింది వేరు జాతి, కన్నది అదే జాతి. అయితే మన ఇండ్లల్లో తండ్రి ముందు, కొడుకు తర్వాత, అక్కడ ముందూ తర్వాతా లేదు, దీపం ఎప్పటి నుంచి ఉందో వెలుగూ అప్పటి నుంచే. వాళ్లు "వెలుగు నుండి వెలుగు" అన్నది అందుకే.

నైసియాతో గొడవ అయిపోలేదు, మన దగ్గర పంచాయితీ తీర్పు ఇచ్చాక అసలు కొట్లాట మొదలైనట్టు ఇంకో యాభై ఏళ్లు నడిచింది. ఆ సభకు అతనాసియస్ అని ఒక కుర్ర డీకను, అంటే బిషప్పుకు సహాయకుడు, వచ్చాడు, తర్వాత అలెగ్జాండ్రియాకు బిషప్పు అయ్యాడు, ఈ మాట వదలనందుకు ఐదుసార్లు ఊరు వెళ్లగొట్టారు, మొత్తం పదిహేడేళ్ల దాకా బయటే బతికాడు. రాజధాని కాన్‌స్టాంటినోపుల్లో ఎలా ఉండేదో నిస్సా ఊరి గ్రెగొరీ రాశాడు: చిల్లర అడిగితే దుకాణంవాడు కనబడినవాడా కాదా అని వాదన మొదలుపెడతాడు, రొట్టె ధరెంత అంటే తండ్రే గొప్ప అంటాడు, స్నానానికి నీళ్లు సిద్ధమా అంటే కుమారుడు శూన్యం నుంచి వచ్చాడంటాడు. ఇది చదివితే నాకు మన గడియారం సెంటర్ చాయ్ బండ్లు గుర్తొస్తాయి, ఎలక్షన్ల టైములో చూడాలి. చివరికి 381లో అక్కడే పెట్టిన సభలో ఈ మాట నిలబడింది, ఆత్మను కూడా తండ్రితో కుమారుడితో కలిపి ఆరాధిస్తామని చేర్చారు.

ఇక రెండో సగం, దేవుడు మనిషి కావడం, నాకు అసలు ఇష్టమైనది. యోహాను సువార్త కుమారుణ్ణి వాక్యం అని పిలిచి అంటుంది: "ఆ వాక్యము శరీరధారియై, కృపాసత్యసంపూర్ణుడుగా మనమధ్య నివసించెను." మనం తెలుగులో దీన్ని అవతారం అంటాం, పాటల్లోనూ ఉంది, నేను ఆ మాటను తప్పుపట్టను. కానీ మన చుట్టుపక్కల ఆ మాట వినగానే జనానికి తోచేది వేరు, పని కోసం ఒక రూపం ఎత్తి, పని అయ్యాక చాలించడం. అలాంటి అవతారాలు చాలా ఉంటాయి. యేసయ్య విషయంలో సంఘం చెప్పేది ఒక్కసారే, పైగా తీసుకున్న శరీరం మళ్లీ తీసిపెట్టలేదు. మేకుల గుర్తులతో సహా లేచాడు, ఆ శరీరంతోనే పైకెక్కాడు. ఇప్పుడు కూడా ఆయన మనిషే.

ఇక్కడ మన జిల్లాల వాళ్లకు ఒక ముచ్చట చెప్పాలి. దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ అంతా ఎంబీ చర్చిలు, మీలో సగం మంది వాళ్లే. ఎంబీ అంటే మెన్నొనైట్ బ్రదరెన్, ఆ పేరు పదహారో శతాబ్దంలో హాలండ్ వైపు బతికిన మెన్నో సైమన్స్ అనే ఆయనది. కత్తి పట్టొద్దన్న మంచి మనిషి. అయితే ఆ మెన్నో సైమన్స్ ఈ ఒక్క విషయంలో తడబడ్డాడు. యేసు మరియమ్మ గర్భంలో పెరిగాడు గానీ మరియమ్మ రక్తమాంసాలు తీసుకోలేదు, ఆ శరీరం పరలోకం నుంచే వచ్చింది అని బోధించాడు. యేసుకు మనిషి పాపం అంటకూడదని ఆయన టెన్షన్. తర్వాత ఆయన వెనకవాళ్లే ఆ బోధను వదిలేశారు, మన ఎంబీ సంఘాల్లో ఇప్పుడు ఎవరూ అలా చెప్పరు. ఇది కొత్త తడబాటు కూడా కాదు, రెండో శతాబ్దంలోనే కొందరు, పైపులోంచి నీళ్లు పోయినట్టు యేసు మరియమ్మలోంచి వచ్చాడన్నారు.

పైపు నీళ్లు! నల్గొండ వాడికి నీళ్ల ఉదాహరణ చెప్తే ఊరుకుంటాడా? ప్లాస్టిక్ పైపులోంచి నీళ్లు పోతే పైపుది ఏమీ అంటదు, నిజమే. కానీ మా ఊరి బోరు నీళ్లు అలా రావు. కింద నల్లరాయి, ఆ రాతి సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి, రాతిలో ఉన్న ఫ్లోరైడును కరిగించుకొని వస్తాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటారు, మా దగ్గర చాలా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లలో మా భూమి ఉంటుంది. యేసయ్య మరియమ్మలోంచి పైపు నీళ్లలా రాలేదు, బోరు నీళ్లలా వచ్చాడు. ఆమె రక్తం, ఆమె ఎముక, బహుశా ఆమె ముక్కు కూడా. "స్త్రీయందు పుట్టి" అని పౌలు రాసింది అదే.

ఒకసారి సండే స్కూల్లో ఇది చెప్తుంటే ఒక పిల్లవాడు లేచి అడిగాడు. "సార్, మరి యేసయ్య మర్రిగూడల పుడితే ఆయనకు గూడ కాళ్లు వంకర పోయేటియా?" వెనక కూర్చున్న అక్కలు "ఛీ, అట్లనొద్దు" అని వాడి నెత్తిమీద ఒకటి వేశారు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున వాడి ఇంటికి పోయి చెప్పి వచ్చాను: పోయేవిరా. ఆ నీళ్లు తాగి పెరిగిన ఎముకకు ఏమవుతుందో ఆయన ఎముకకూ అదే అయ్యేది, ఎందుకంటే అది నిజం ఎముక. సమరయ బావి దగ్గర ఆయన అలసిపోయి కూర్చున్నాడు, "నాకు దాహమునకిమ్ము" అని అడిగాడు, అడిగింది నటన కాదు. లూకా ఏమన్నాడు, యేసు జ్ఞానమందును వయస్సునందును వర్ధిల్లుచు ఉండెను అన్నాడు, అంటే నేర్చుకున్నాడు, మాటలు నేర్చుకున్నాడు, రంపం పట్టడం నేర్చుకున్నాడు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అని యెషయా గ్రంథంలో మనమే చదువుతాం, కేలండర్లలో మాత్రం సినిమా హీరోలా వేస్తాం.

నాలుగో శతాబ్దంలో ఇంకో గ్రెగొరీ, నజియాంజస్ ఊరాయన, ఒక ఉత్తరంలో రాశాడు, క్రీస్తు తనమీదికి తీసుకోనిది బాగుపడకుండానే ఉండిపోయింది అని. క్రీస్తుకు మనిషి శరీరం ఉంది గానీ మనిషి మనసు లేదు అని వాదించేవాళ్లకు ఇచ్చిన జవాబు అది. మనసు తీసుకోకపోతే మన మనసు బాగుపడలేదు. ఎముక తీసుకోకపోతే మా అన్న ఎముక లెక్కలోకి రాలేదు.

451లో కాల్సెడోన్ సభ ఇంకో గట్టు వేసింది. క్రీస్తు ఒక్కడే, ఆయనలో దైవ స్వభావం, మానవ స్వభావం రెండూ ఉన్నాయి, కలిసిపోకుండా, మారిపోకుండా, విడిపోకుండా, వేరుపడకుండా. నాలుగూ "కుండా"లే. ఎలా ఉందో వివరించలేదు, ఎలా అనుకోకూడదో నాలుగు వైపులా కంచె వేసి వదిలేశారు, నాకు అది నిజాయితీగా అనిపిస్తుంది. చూశారా, నా బోరు ఉదాహరణ కూడా ఇక్కడ పడిపోయింది, ఫ్లోరైడు నీళ్లలో కలిసిపోతుంది కదా. కాబట్టి ఇంటికి పోయి సైన్సు సారు ఇలా అన్నాడని చెప్పకండి, ముంజల పక్కనే దాన్నీ పెట్టేయండి.

అన్నట్టు మన జిల్లా పేరు కూడా తక్కువది కాదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని లోకమంతా "నల్గొండ టెక్నిక్" అంటారు. నైసియా పేరు విశ్వాస ప్రమాణానికి ఎక్కితే మన పేరు నీళ్లకు ఎక్కింది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పిల్లల కాళ్లు బాగుంటున్నాయి. మా అన్నవి అలాగే ఉన్నాయి.

అయ్యగారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఆ పెద్దమ్మ చెయ్యెత్తింది, మైకు ఇవ్వండమ్మా.

("బిడ్డా, మరి యేసయ్యకు మేకుల గుర్తులు పోలేదంటివి. చచ్చినోళ్లను లేపిననాడు మీ అన్నకు కాళ్లు సక్కగైతయా, గట్లనే ఉంటయా?")

ఇదే ప్రశ్న నేను మా అన్నను అడిగాను పెద్దమ్మా, మంచం మీద పడుకొని ఉన్నాడు, చాలాసేపు పైకప్పు వైపు చూసి అన్నాడు, "గుర్తులుంటే ఉండనియ్ రా, ఒక్కసారి మెడ తిప్పి పక్కన ఎవరున్నరో చూస్తే సాలు."

టీలు వచ్చాయి, వెనకవాళ్లకు ముందు ఇవ్వండి.